ల్యాబ్ తాళం ఒకరి దగ్గర, బాధ్యత ఎవరి దగ్గరా లేదు: హైస్కూల్లో కంప్యూటర్ల సంగతి

జూన్‌లో బళ్ళు తెరిచాక విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల చాలా హైస్కూళ్ళలో కంప్యూటర్ ల్యాబ్ తలుపు తీస్తే కనిపించేది ఒకటే సీను. రెండు నెలలు ఎండకి ఉడికిపోయిన గది, కీబోర్డుల మీద దుమ్ము, ఎలక కొరికిన కేబుల్ ఒకటో రెండో, స్విచ్ వేస్తే సగం సిస్టమ్స్ ఆన్ అవుతాయి, ఆన్ అయినవాటిలో కూడా కొన్ని ఎప్పటిదో పాత తేదీ చూపిస్తాయి. బ్రౌజర్ ఓపెన్ చేస్తే ఏ సైటూ రాదు, కనెక్షన్ సేఫ్ కాదు అని వస్తది, సార్ నెట్ పోయిందనుకుని కేబుల్ అబ్బాయికి ఫోన్ చేస్తారు, అతనొచ్చి చూసి నెట్ బానే ఉందండీ అని వెళ్ళిపోతాడు. అసలు విషయం ఏంటంటే మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, సీఆర్ 2032 అంటారు, కరెంటు లేనప్పుడు లోపలి గడియారాన్ని నడిపేది అదే. అది అయిపోతే ఆన్ చేసినప్పుడల్లా తేదీ వెనక్కి పోద్ది. ఇప్పుడు సైట్లన్నీ సెక్యూరిటీ సర్టిఫికెట్ మీద నడుస్తాయి, ఆ సర్టిఫికెట్ చెల్లుబాటయ్యే తేదీకీ సిస్టమ్ చూపించే తేదీకీ పొంతన లేకపోతే బ్రౌజర్ ముందుకు పోనివ్వదు. వాచీలు బాగుచేసే కొట్లో కూడా దొరికే ఆ బ్యాటరీ మహా అయితే యాభై రూపాయలు. ఆ యాభై రూపాయల వస్తువు మార్చేవాళ్ళు లేక, మార్చాలని తెలిసినవాళ్ళు లేక, ఒక సిస్టమ్ ఏడాదంతా మూల కూర్చోవచ్చు.

స్కూల్లో ఐటీ గురించి మాట్లాడేటప్పుడు చర్చంతా ఎన్ని కంప్యూటర్లు ఇచ్చారు, ఎన్ని టచ్ స్క్రీన్ ప్యానెళ్ళు బిగించారు అనే దగ్గరే ఆగిపోద్ది. ఇచ్చిన తర్వాత వాటిని చూసుకునే పని ఎవరిది అనే ప్రశ్నకి మాత్రం చాలా చోట్ల జవాబు ఉండదు. టైమ్‌టేబుల్లో ఆ పనికి పీరియడ్ లేదు, స్టాఫ్ లిస్టులో ఆ పనికి పోస్టు లేదు. మిగతా సమస్యలు చాలావరకు ఇక్కడి నుంచే పుడతాయి.

కొంచెం వెనక్కి వెళ్తే ఇది ఎలా వచ్చిందో తెలుస్తుంది. కేంద్రం 2004 డిసెంబర్‌లో బళ్ళలో కంప్యూటర్ల కోసం ఐసీటీ ఎట్ స్కూల్స్ పథకం మొదలుపెట్టింది, 2010లో దాన్ని సవరించింది, 2018 నుంచి అది సమగ్ర శిక్ష అనే పెద్ద కేంద్ర పథకంలో భాగం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 ప్రాంతంలో 5,000 హైస్కూళ్ళలో ల్యాబులు పెట్టింది బూట్ అనే పద్ధతిలో, అంటే ఏజెన్సీ పెట్టుబడి పెట్టి సామాను తెచ్చి ఐదేళ్ళు నడిపి ఆ తర్వాత స్కూలుకి అప్పగించాలి. ఆ ఐదేళ్ళూ ఇన్‌స్ట్రక్టర్లు ఉన్నారు, చెడిపోతే ఏజెన్సీ చూసుకునేది. గడువు అయిపోయాక ఇన్‌స్ట్రక్టర్లు వెళ్ళిపోయారు, కంప్యూటర్లు మిగిలాయి. లెక్క చూస్తే ఏ కంప్యూటర్‌కైనా రిపేర్లు గట్టిగా మొదలయ్యేది ఐదో ఏడు తర్వాతే, సరిగ్గా అప్పుడే చూసుకునే మనిషి లేకుండా పోయాడు. పైగా ఖర్చు తగ్గించడానికి అప్పట్లో ఒక సీపీయూకి చిన్న పెట్టెల ద్వారా నాలుగైదు మానిటర్లు తగిలించే పద్ధతి వాడారు, కొనేటప్పుడు చవకే, కానీ ఆ ఒక్క సీపీయూ పోతే ఐదుగురు పిల్లలూ చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే.

ఆ తర్వాత వచ్చినవి ఇంకా పెద్దవి. 2022 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకీ టీచర్లకీ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు ఇచ్చింది, 2023లో నాడు-నేడు కింద బాగుచేయడం పూర్తయిన హైస్కూళ్ళలో మొదటి విడతగా 30 వేలకు పైగా ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్ళు వచ్చాయి. ట్యాబుల్లో పాఠాలు మెమరీ కార్డులో ముందే లోడ్ చేసి ఇవ్వడం నిజంగా మంచి ఆలోచన, ఇంట్లో నెట్ లేని పిల్లాడు కూడా చూసుకోగలడు. కానీ ట్యాబ్ కింద పడితే స్క్రీన్ ఎవరు మార్పించాలి, పిల్లాడు ఊరు మారితే ట్యాబ్ ఎవరి లెక్కలోకి పోవాలి, పిల్లలు వేరే యాప్స్ వేసుకోకుండా పెట్టిన లాక్‌ని తీసేస్తే మళ్ళీ ఎవరు పెట్టాలి, ఇవన్నీ చివరికి స్కూల్లో ఎవరో ఒక సైన్స్ సారు నెత్తి మీదకే వచ్చాయి. పాఠాలిచ్చిన బైజూస్ కంపెనీ మీద 2024 జూలైలో దివాలా ప్రక్రియ మొదలైంది. కంటెంట్ బయట కంపెనీది అయినప్పుడు ఆ కంపెనీ ఉంటుందా, సిలబస్ మారితే అప్‌డేట్ ఇస్తుందా అని ఒప్పందం రోజే అడగాలి, పిల్లల చేతికి ఇచ్చాక అడిగి లాభం లేదు.

ప్రైవేట్ స్కూళ్ళలో పరిస్థితి వేరేగా ఉంటుంది కానీ మరీ మేలని కాదు. పెద్ద కార్పొరేట్ స్కూళ్ళకి హెడ్ ఆఫీసులో ఐటీ టీమ్ ఉంటుంది, గొడవ లేదు. మన సత్యనారాయణపురంలోనో బ్రాడీపేటలోనో ఉండే మధ్య రకం స్కూళ్ళలో ఆఫీసు రూములో ఒక సిస్టమ్ ఆపరేటర్ ఉంటాడు, ఫీజు రసీదులు, ఐడీ కార్డులు, ప్రశ్నపత్రాల టైపింగు, సీసీ కెమెరాలు, పేరెంట్స్‌కి మెసేజ్‌లు, ప్రొజెక్టర్ పనిచెయ్యకపోతే పరిగెత్తడం, అన్నీ అతనే. అతను సెలవు పెడితే స్కూలు సగం ఆగిపోద్ది, ఎక్కువ జీతానికి ఇంకో చోటికి వెళ్ళిపోతే పాస్‌వర్డులు కూడా అతనితోనే పోతాయి.

ఇక ప్రభుత్వ స్కూళ్ళలో పైకి కనిపించని అసలు అడ్డం స్టాక్ రిజిస్టర్. ప్రతి వస్తువూ అందులో ఎక్కుతుంది, హెచ్ఎం గారు బదిలీ అయినా రిటైర్ అయినా ఆ లిస్టు ప్రకారం చార్జ్ అప్పగించాలి. లెక్కలో ఒకటి తక్కువైతే రికవరీ పడుతుందేమో, పెన్షన్ పేపర్లు ఆగుతాయేమో అనే భయం ఊరికే వచ్చింది కాదు, సర్వీసులో ఉన్నవాళ్ళు అందరూ వినే ఉంటారు. అందుకని చాలామంది చేసేది ఒకటే, ల్యాబుకి తాళం వేసి తాళం బీరువాలో పెట్టడం. పిల్లలు ముట్టుకోకపోతే పాడవదు, పాడవకపోతే సంజాయిషీ ఉండదు. ఆ హెచ్ఎంని తప్పుపట్టడం న్యాయం కాదు, వాడటం వల్ల పాడైన దానికి సంజాయిషీ అడిగి, వాడకుండా పాడైనదాన్ని ఎవరూ అడగని పద్ధతిలో ఎవరైనా అదే చేస్తారు.

దీనికి పరిష్కారం కూడా ఆ రిజిస్టర్ పద్ధతిలోనే వెతకాలి. మౌస్, కీబోర్డు, కేబుల్, బ్యాటరీ ఇవన్నీ చాక్‌పీసులు, డస్టర్లు లాంటివి, వాడితే అరుగుతాయి, వాటిని శాశ్వత వస్తువుల పేజీలో కాకుండా ఖర్చయ్యే సామాను పేజీలో రాసుకుంటే సగం భయం పోద్ది. ప్రతి సిస్టమ్‌కి బెంచీలకి వేసినట్టు పెయింట్‌తో నంబరు వేసి, పక్కన ఒక రెండొందల పేజీల నోట్‌బుక్ పెట్టి, ఫలానా తేదీన 7వ నంబరు సిస్టమ్ ఆన్ కాలేదు, ర్యామ్ తీసి తుడిచి పెడితే వచ్చింది అని రెండు ముక్కలు రాయాలి. ఆరు నెలలకి ఆ నోట్‌బుక్ చూస్తే ఏ సిస్టమ్ మాటిమాటికీ మొరాయిస్తుందో, కొత్తది కొనాలా రిపేరు చాలా అనేది దానంతట అదే తేలిపోతుంది. ఆడిట్‌కి వచ్చినవాళ్ళకి కూడా ఇది మామూలు అరుగుదలే, నిర్లక్ష్యం కాదని చూపించడానికి అదే ఆధారం.

పూర్తిగా చచ్చిపోయిన పాత మానిటర్లు, సీపీయూలు మాత్రం వేరే కథ. వాటిని పనికిరావని నిర్ధారించాలంటే కమిటీ, తీర్మానం, పైనుంచి అనుమతి అన్నీ కావాలి, ఆ తిరుగుడు పడలేక వాటిని ల్యాబ్‌లోనే ఒక గోడవారగా పేర్చేస్తారు, కొన్నాళ్ళకి ల్యాబ్ సగం గోడౌన్ అయిపోద్ది. పాత ఇనుము బండికి వేసేయడం కూడా సరికాదు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ రూల్స్ ప్రకారం అలాంటివి రిజిస్టర్డ్ రీసైక్లర్‌కే చేరాలి, పాత మానిటర్ గ్లాసులో సీసం ఉంటుంది. మండలంలో ఉన్న స్కూళ్ళన్నిటివీ ఏడాదికోసారి ఒకే రోజు కలిపి తీసుకెళ్ళేలా మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసు చూస్తే ఒక్కో హెచ్ఎం ఒక్కో ఫైలు పట్టుకుని తిరిగే పని తప్పుద్ది.

కరెంటు సంగతికి వస్తే మన దగ్గర కంప్యూటర్లని చంపేది కరెంటు పోవడం కాదు, పోయి వచ్చేటప్పుడు కొట్టే వోల్టేజీ. యూపీఎస్ ఉంటే చాలు అనుకుంటారు గానీ ఆ యూపీఎస్ బ్యాటరీల్లో డిస్టిల్డ్ వాటర్ ఎప్పుడు పోశారు అని అడిగితే జవాబు రాదు. ట్యూబులర్ బ్యాటరీ బాగా చూసుకుంటే నాలుగైదేళ్ళు వస్తుంది, వేసవి సెలవుల్లో చార్జింగ్ లేకుండా నీళ్ళు ఇంకిపోయి వదిలేస్తే రెండేళ్ళకే పోద్ది. మామూలు డెస్క్‌టాప్, మానిటర్ కలిపి 100 నుంచి 150 వాట్లు లాగుద్ది అనుకుంటే 12 సిస్టమ్స్‌కి 1.2 నుంచి 1.8 కిలోవాట్లు, దాని మీద లేజర్ ప్రింటర్ కూడా అదే యూపీఎస్‌కి తగిలిస్తే అది వేడెక్కే క్షణంలో ఒక్కసారిగా లాగి మొత్తం ట్రిప్ అవుతుంది, ప్రింటర్‌ని ఎప్పుడూ మామూలు ప్లగ్‌కే పెట్టాలి. ఎర్తింగ్ ఇంకో నిర్లక్ష్యం. ఉప్పూ బొగ్గూ వేసి తవ్విన ఎర్త్ గుంటలో ఎండాకాలం అప్పుడప్పుడూ నాలుగు బిందెల నీళ్ళు పొయ్యాలి, నేల ఎండిపోతే ఎర్తింగ్ పేరుకే ఉంటుంది, సీపీయూ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటుంది. పిల్లలు కూర్చునే చోట అది చిన్న విషయం కాదు.

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం, కండ్రిక వైపంతా రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయినప్పుడు కింద అంతస్తులో ఉన్నవి ఏవీ మిగల్లేదు, ఇళ్ళలో ఫ్రిజ్జులు పోయినట్టే స్కూళ్ళలో కింద గదుల్లో ఉన్న సామానూ తడిసింది. అలాంటి పల్లపు ఏరియాల్లో ల్యాబ్ మొదటి అంతస్తులోనే ఉండాలి, కుదరకపోతే కనీసం యూపీఎస్, బ్యాటరీలు, సర్వర్ లాంటివి నడుము ఎత్తు స్టాండు మీద ఉండాలి. చాలా చోట్ల బరువని చెప్పి బ్యాటరీలు నేల మీదే పెడతారు. అన్నిటికంటే ముఖ్యంగా స్కూల్ రికార్డుల బ్యాకప్ డిస్కు, ఆ రికార్డులున్న కంప్యూటర్, రెండూ ఒకే బీరువాలో ఒకే గదిలో ఉంటే ఆ బ్యాకప్‌కి అర్థం లేదు, నీళ్ళొస్తే రెండూ కలిసే మునుగుతాయి. ఒక కాపీ కంప్యూటర్లో, ఒకటి బయట డిస్కులో, ఇంకోటి వేరే బిల్డింగులోనో ఆన్‌లైన్‌లోనో, ఈ మూడూ ఉండాలి.

ఇంటర్నెట్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు, చిన్న లెక్క చాలు. 15 ఎంబీపీఎస్ లైను మీద 12 సిస్టమ్స్ ఒకేసారి ఒక్కో జీబీ విండోస్ అప్‌డేట్ దించుకోవడం మొదలెడితే లైను పూర్తి స్పీడుతో వచ్చినా గంటా ముప్పావు పైనే పడుతుంది, ఆ గంటా ముప్పావులో ఏ క్లాసూ జరగదు. అందుకే అప్‌డేట్లని శనివారం మధ్యాహ్నానికి పెట్టుకోవాలి, ఆఫీసు సిస్టమ్స్‌నీ పిల్లల ల్యాబ్‌నీ వేరు నెట్‌వర్కులుగా విడగొట్టాలి. వైఫై పాస్‌వర్డు స్టాఫ్ రూమ్ గోడ మీద అంటించడం ఆపాలి, అది సాయంత్రానికల్లా పదో తరగతి మొత్తానికి తెలిసిపోద్ది.

పాత సిస్టమ్స్‌ని ఏం చెయ్యాలనేది ఇప్పుడు అన్ని స్కూళ్ళ ముందూ ఉన్న ప్రశ్న. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో జనరేషన్ ప్రాసెసర్ నుంచే తీసుకుంటుంది, స్కూళ్ళలో ఉన్నవి చాలావరకు అంతకంటే పాతవి. అన్నీ తీసేసి కొత్తవి కొనడం ఒక దారి, డబ్బుంటే. ఇంకో దారి హార్డ్ డిస్కు తీసి దానికంటే చాలా వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ వేసి, విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ ఎక్కించడం. ఎనిమిదేళ్ళ సిస్టమ్ కూడా ఎస్‌ఎస్‌డీతో కొత్తదానిలా లేస్తుంది, ఈ ఒక్క మార్పుకి వచ్చే లాభం ఇంకే ఖర్చుకీ రాదు. పిల్లలకి నేర్పే టైపింగు, స్ప్రెడ్‌షీటు, స్క్రాచ్, పైథాన్ అన్నీ లైనక్స్‌లో ఉచితంగా నడుస్తాయి.

ఇక్కడ కేరళ పేరు అందరూ చెప్తారు, చెప్పాలి కూడా. 2001లో ఐటీ ఎట్ స్కూల్ ప్రాజెక్టుగా మొదలై 2017లో కైట్ అనే ప్రభుత్వ కంపెనీ అయింది, వాళ్ళ స్కూళ్ళలో నడిచేది ఉబుంటు అనే రకం ఆధారంగా వాళ్ళే తయారు చేసుకున్న లైనక్స్. అయితే మనవాళ్ళు దాన్ని చూసి లైనక్స్ వేస్తే సరిపోద్ది అనుకుంటే పొరపాటు. అక్కడ అది నిలబడడానికి కారణం ప్రతి స్కూల్లో ఐటీ చూసుకునే టీచర్ ఫలానా అని పేరు పెట్టి చెప్పడం, వాళ్ళకి ట్రైనింగ్ ఇచ్చే మాస్టర్ ట్రైనర్లు జిల్లాల్లో ఉండడం, లిటిల్ కైట్స్ పేరుతో పిల్లల క్లబ్బులు పెట్టి ల్యాబ్ పనుల్లో వాళ్ళని కూడా కలుపుకోవడం. మన తొమ్మిదో తరగతి పిల్లలకి ఎవరైనా ఒకసారి చూపిస్తే కేబుల్ బిగించడం, దుమ్ము దులపడం, నోట్‌బుక్‌లో రాయడం అన్నీ చేస్తారు, ఇష్టంగా చేస్తారు. స్క్రూడ్రైవర్ పట్టుకున్న పిల్లకి సీపీయూ అంటే జన్మలో భయం ఉండదు.

డబ్బు విషయం దాటేస్తే అన్యాయం. 250 నుంచి 1,000 మంది పిల్లలున్న స్కూలుకి సమగ్ర శిక్ష నుంచి ఏడాదికి వచ్చే కాంపోజిట్ గ్రాంటు 75,000 రూపాయలు, అందులో 10 శాతం శుభ్రతకే పెట్టాలి. మిగిలినదాంట్లోనే చిన్నచిన్న రిపేర్ల నుంచి చాక్‌పీసుల దాకా సర్దుకోవాలి. యూపీఎస్ బ్యాటరీలు ఒక సెట్టు మార్చాలంటేనే ఆ గ్రాంటులో పెద్ద ముక్క పోద్ది. కాబట్టి సామాను ఇచ్చేటప్పుడే ఐదేళ్ళ నిర్వహణ డబ్బు కూడా దాంతో పాటు ఇవ్వకపోతే, ఆ భారం స్కూలు మీద పడినట్టే లెక్క.

మన స్కూళ్ళకే ప్రత్యేకమైన తలనొప్పి ఇంకోటి ఉంది, తెలుగు ఫాంట్లు. విజయవాడ, గుంటూరుల్లో డీటీపీకి, అంటే ప్రింటు కోసం పేజీలు తయారుచేసే పనికి, వాడేది అను ఫాంట్లు, పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్. ప్రశ్నపత్రాలు, ఆహ్వాన పత్రికలు, సర్క్యులర్లు ఏళ్ళ తరబడి అందులోనే కొట్టారు. ఆ ఫాంట్లు తెలుగు అక్షరాలని ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌ల మీద కూర్చోబెడతాయి, అందుకే ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో ఫైల్ తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. ఆపరేటర్ మానేసినా, సిస్టమ్ ఫార్మాట్ చేసినా, పదేళ్ళ ప్రశ్నపత్రాలు ఉండి కూడా లేనట్టే, అందులో ఒక పాఠం పేరు వెతుకుదామన్నా దొరకదు. యూనికోడ్‌లో అయితే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉంటుంది, ఏ ఫోన్‌లో అయినా ట్యాబ్‌లో అయినా అదే కనిపిస్తుంది, ప్యానెల్ మీద వేసి చూపించొచ్చు, కంప్యూటర్ చేత చదివించొచ్చు, చూపు సరిగ్గా లేని పిల్లలకి అది ఎంత సాయమో వేరే చెప్పక్కర్లేదు. ఇరవై ఏళ్ళుగా యాపిల్ అనే తెలుగు కీబోర్డు లేఔట్ అలవాటైన ఆపరేటర్‌ని రేపట్నుంచి మారమంటే చేతివేగం పడిపోతుంది, అతని కష్టం అర్థం చేసుకోవాలి, అదే లేఔట్‌తో యూనికోడ్ కొట్టే టూల్స్ ఉన్నాయి కాబట్టి వాటితో మొదలెడితే గొడవ తక్కువ. పాతవాటిని మార్చే కన్వర్టర్లు కూడా ఉన్నాయి, ఒత్తుల దగ్గర తప్పులొస్తాయి గనక తెలుగు సార్ ఒకసారి చదవాల్సిందే.

ఆఖరుది, అన్నిటికంటే బరువైనది, పిల్లల వివరాలు. యూడైస్ ప్లస్ (స్కూళ్ళ, పిల్లల వివరాలు ఎక్కించే కేంద్రం సైటు), అపార్ (ఒక్కో విద్యార్థికి ఇచ్చే ఐడీ నంబరు), పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితా), అన్నీ ఇప్పుడు ఆన్‌లైనే. నామినల్ రోల్స్‌లో పేరు స్పెల్లింగు, పుట్టిన తేదీ, పుట్టుమచ్చల దగ్గర్నుంచి ఒక్క అక్షరం తప్పు పడితే అది ఎస్‌ఎస్‌సీ సర్టిఫికెట్ మీదకెక్కుద్ది, తర్వాత దాన్ని సరిచేయించడానికి ఆ కుటుంబం ఎన్ని ఆఫీసులు తిరగాలో అనుభవించినవాళ్ళకే తెలుసు. అప్‌లోడ్ చేసే ముందు ప్రింటు తీసి ఇంటికి పంపి, అమ్మానాన్నల సంతకం పెట్టించుకునే స్కూళ్ళలో ఈ తప్పులు చాలా తక్కువ, చేసేది ఒక పూట పని.

పాస్‌వర్డుల దగ్గర మాత్రం అందరం అజాగ్రత్తే. స్కూలు పేరు పక్కన 123 పెట్టడం, పక్కన నెట్ సెంటర్లో లాగిన్ అయ్యి లాగౌట్ కాకుండా వచ్చేయడం, పిల్లల ఆధార్ ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టమనడం. 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం ప్రకారం 18 ఏళ్ళ లోపు అందరూ పిల్లలే, వాళ్ళ వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి నిర్ధారించుకునే విధంగా ఉండాలి. పిల్లలకి సంబంధించిన బాధ్యతలు తప్పితే జరిమానా 200 కోట్ల దాకా వెయ్యొచ్చని చట్టంలో ఉంది. దాని రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల తర్వాత అమల్లోకి వస్తాయి. చదువు, భద్రత కోసం అవసరమైన మేరకు స్కూళ్ళకి కొన్ని మినహాయింపులున్నాయి గానీ, మార్కుల లిస్టూ ఆధార్ కాపీలూ గ్రూపుల్లో తిరగడానికి అది లైసెన్సు కాదు. చట్టం సంగతి పక్కన పెట్టినా ఆడపిల్లల ఫొటోలు, ఫోన్ నంబర్లు ఎవరి ఫోన్‌లో ఎన్నాళ్ళు ఉంటున్నాయో ఎవరూ లెక్క పెట్టుకోకపోవడం భయపడాల్సిన విషయం.

బదిలీలప్పుడు జరిగేది చూస్తే మొత్తం సమస్య ఒక్కచోట కనిపిస్తది. పాత హెచ్ఎం గారు రేపల్లె వెళ్ళిపోతారు, కొత్తావిడ వచ్చి సైట్ ఓపెన్ చేస్తే ఓటీపీ పాతాయన ఫోన్‌కి పోతుంది, ఆయన మీటింగులో ఉంటారు, గడువు ఆ రోజు సాయంత్రం ఐదింటికి. చార్జ్ లిస్టులో బెంచీలు, బీరువాలు, గంట, జెండా కర్రతో సహా అన్నీ ఉంటాయి, లాగిన్లు ఉండవు. ఆ లిస్టుకి ఇంకొక్క పేజీ కలిపితే చాలు. ఏ సైట్‌కి ఏ యూజర్ ఐడీ, ఓటీపీ ఏ నంబరుకి వస్తది, ఆ నంబరు హెచ్ఎం సొంతదా స్కూలు పేరు మీద తీసుకున్న సిమ్మా, బ్యాకప్ డిస్కు ఎవరి దగ్గరుంది, చివరిసారి బ్యాకప్ ఎప్పుడు తీశారు, యూపీఎస్‌లో నీళ్ళు ఎప్పుడు పోశారు, ఏ నంబరు సిస్టమ్‌కి ఏం జబ్బు, ల్యాబ్ చూసుకునే టీచర్ ఎవరు, ఆ టీచర్‌కి వారంలో ఏ రెండు పీరియడ్లు దానికోసం వదిలారు. పాస్‌వర్డులు మాత్రం ఆ పేజీలో రాయకూడదు, సీలు వేసిన కవర్లో విడిగా ఇవ్వాలి, కొత్తావిడ చేరిన రోజే అవన్నీ మార్చేసి, మారిన తేదీ వేసి ఆ పేజీ కింద ఇద్దరూ సంతకం పెట్టాలి.